సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళకీ తీసేవాళ్ళకీ: ఆ మెషీన్‌ని రిపేర్ చేసేది ఎవరండీ?

అయ్యలారా, అమ్మలారా,

కథలు రాసేవాళ్ళు, స్క్రిప్టు చంకలో పెట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగేవాళ్ళు, ఆల్రెడీ తీసేసినవాళ్ళు, అచ్చేసే ఎడిటర్లు, పోటీలు పెట్టి ప్రైజులిచ్చే జడ్జీలు, సైన్స్ ఫిక్షన్‌తో ఏదో ఒక సంబంధం ఉన్న అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నా. విడివిడిగా రాసే ఓపిక లేదు, పైగా నా గోల అందరితోనూ ఒకటే.

నా గురించి రెండు ముక్కలు. నేను రచయితని కాదు, క్రిటిక్‌ని అసలే కాదు. సర్వర్లు పడిపోకుండా చూసుకునే ఉద్యోగం, నైట్ షిఫ్టులే ఎక్కువ. అలర్ట్ రాని రాత్రులు సైన్స్ ఫిక్షన్ చదువుతుంటా. అందుకే మీ కథలో కంప్యూటర్ కనబడగానే నా చూపు హీరో మీద కాకుండా దాని వెనకాల వైర్ల మీదకి పోతుంది, ఏం చెయ్యను, అలవాటైపోయింది.

విషయానికొస్తే, మీ కథల్లో టెక్నాలజీకి రెండే రెండు మూడ్‌లు ఉన్నాయండీ. అయితే వంక పెట్టడానికి లేకుండా పనిచేస్తుంది, లేదంటే భూమినంతా నాశనం చేసేస్తుంది. మధ్యలో ఉండేదంతా ఏమైపోయింది? పొద్దున పనిచేసి సాయంత్రం మొరాయించేది, మాన్యువల్ రాసినాయన రిటైర్ అయిపోయినది, లైసెన్స్ రెన్యూ చెయ్యడం ఎవరో మర్చిపోయినది, కొత్త అప్‌డేట్ పడ్డాక పాత పార్టుతో మాట్లాడ్డం మానేసినది, ఇవేవీ మీ భవిష్యత్తులో ఉండవా? మేం బతికేదంతా అక్కడే కదా. ఒక చిన్న సంగతి చెప్తా. సెక్యూరిటీ సర్టిఫికెట్ అని ఒకటుంటుంది, ఒక మెషీన్ ఇంకో మెషీన్‌కి తను ఫలానా అని చూపించుకునే గుర్తింపు కార్డు లాంటిది, దానికో గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిందంటే సర్వర్లన్నీ భేషుగ్గా నడుస్తూనే ఉంటాయి, కరెంటు ఉంటుంది, డిస్కులు తిరుగుతుంటాయి, డేటా ఎక్కడికీ పోలేదు, కానీ ఒకదాన్నొకటి నమ్మడం మానేస్తాయి. నువ్వెవరో నాకు తెలీదు పో అని తలుపులేసుకుంటాయి. అర్ధరాత్రి మూడింటికి స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిపోతుంది, పదిమందిని నిద్రలేపుతారు, అందరూ అన్నీ వెతుకుతారు, చివరికి చూస్తే ఏడాది కిందట ఎవరో క్యాలెండర్‌లో రాసుకోవాల్సిన ఒక తేదీ. విలన్ లేడు, వైరస్ లేదు, మెలకువొచ్చిన ఏఐ లేదు. వందల మెషీన్లని ఆపేసింది ఒక తేదీ. దీన్ని తీసుకెళ్ళి అంతరిక్షంలో పెట్టండి, స్పేస్ స్టేషన్‌లో గాలి బయటికి పోకుండా మూసే ఎయిర్‌లాక్ తలుపుకి పెట్టండి, లోపల ఇద్దరు బయట ఒకరు. కథ అదే నడుస్తుంది, నడవదా?

అసలు సైన్స్ ఫిక్షన్‌లో టెక్నాలజీ పనేంటి అని నన్నడిగితే, పాత్రల చేతులు కట్టెయ్యడం అంటాను. వాళ్ళకి పవర్స్ ఇవ్వడం తర్వాత సంగతి. ముందు ఒక రూల్ పెట్టాలి, ఈ మెషీన్ ఇది చేస్తుంది, ఇది చెయ్యదు, చేసినందుకు ఇంత తీసుకుంటుంది అని. ఒకసారి పెట్టాక ఆ రూల్‌కి హీరోతో పాటు రచయిత కూడా లొంగి ఉండాలి. మీలో చాలామంది ఫస్టాఫ్‌లో రూల్ పెట్టి సెకండాఫ్‌లో మీరే దాన్ని దాటేస్తున్నారు. టైమ్ మెషీన్ ఒక్కసారే వాడొచ్చంటారు, క్లైమాక్స్‌లో హీరో ఏడిస్తే రెండోసారి కూడా స్టార్టవుతుంది. కన్నీళ్ళతో నడిచే ఇంజిన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదండీ.

రూల్‌కి లొంగి ఉండటం అంటే ఎలా ఉంటుందో ఐజాక్ అసిమోవ్ 1942లోనే చూపించాడు, 'రనరౌండ్' అనే కథలో. రోబోల మూడు సూత్రాలు అందరికీ నోటికొచ్చు: మనిషికి హాని చెయ్యడం గానీ జరగనివ్వడం గానీ కూడదు, చెప్పిన మాట వినాలి, తనని తను కాపాడుకోవాలి, ఈ వరసలోనే. చాలామంది ఆ మూడింటినీ ఏదో సేఫ్టీ బోర్డు మీద రాసిన నీతివాక్యాల్లా చెప్తుంటారు, కానీ ఆయన వాటిని రాసుకున్నదే అవి ఎక్కడ ఇరుక్కుంటాయో చూపించడానికి. బుధగ్రహం మీద ఇద్దరు మనుషులు, వాళ్ళకి సెలీనియం కావాలి, అది తేకపోతే ఎండ నుంచి కాపాడే సెల్స్ పనిచెయ్యవు, చచ్చిపోతారు. స్పీడీ అనే రోబోని పంపిస్తారు. ఎంతకీ రాదు. వెళ్ళి చూస్తే అది సెలీనియం మడుగు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ తాగినవాడిలా పాటలు పాడుకుంటోంది. ఎందుకంటే, ఆర్డరిచ్చినాయన ఏదో మామూలుగా వెళ్ళి పట్రా అన్నాడు, గట్టిగా చెప్పలేదు, అంటే రెండో సూత్రం బలం తక్కువ. రోబో ఏమో చాలా ఖరీదైన మోడల్, అందుకని మూడో సూత్రాన్ని కంపెనీవాళ్ళు కావాలనే కొంచెం ఎక్కువ బలంగా పెట్టారు. మడుగు దగ్గర ప్రమాదం ఉంది. దగ్గరికెళ్తే భయం గెలుస్తుంది, దూరం జరిగితే ఆర్డర్ గెలుస్తుంది, రెండూ సమానమయ్యే చోట అది గిరగిరా తిరుగుతూనే ఉంది. చూశారా, ఆ రోబో చెడిపోలేదు, తిరగబడలేదు, తనకి చెప్పింది చెప్పినట్టే చేస్తోంది. మనుషులు దాన్ని ఎలా బయటికి లాగారో చెప్పాలంటే, ఒకాయన కావాలని తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టుకున్నాడు, దాంతో మొదటి సూత్రం లేచి కూర్చుంది. పరిష్కారం కూడా ఆ రూల్‌లోంచే వచ్చింది, బయటనుంచి ఏ దేవుడూ దిగి రాలేదు. ఎనభై ఏళ్ళు దాటింది ఆ కథ వచ్చి. ఇవాళ ప్రోగ్రామ్ రాసే ఎవర్ని అడిగినా ఆ గుండ్రంగా తిరగడాన్ని గుర్తుపడతారు, రెండు కండిషన్లు ఒకదాన్నొకటి తన్నుకుంటుంటే ప్రాసెస్ ఎటూ పోక ఆగిపోవడం మాకు రోజూ ఉండేదే.

దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట ప్రత్యక్షం చేసే ట్రాన్స్‌పోర్టర్ పెట్టారు. ఎందుకు పెట్టారంటే ప్రతివారం అంతరిక్షనౌక గ్రహం మీద దిగినట్టు చూపించడానికి బడ్జెట్ లేక. డబ్బులు మిగిలాయి బానే ఉంది, కానీ కథకి పెద్ద తలనొప్పి తయారైంది. ఎంత ప్రమాదంలో ఉన్నా ఒక బటన్ నొక్కి పైకి లాగేస్తే అయిపోతుంది కదా, ఇంక సస్పెన్స్ ఏం మిగిలింది? అందుకని ఒకసారి అది పాడవ్వాలి, ఒకసారి ఏదో రేడియేషన్ అడ్డురావాలి, ఒకసారి నౌకతో మాట్లాడే కమ్యూనికేటర్ ఎవరో లాగేసుకోవాలి. అన్నీ చేసేసే మెషీన్ పెట్టుకుంటే దాన్ని ఆపడానికే సగం కథ ఖర్చయిపోతుందన్నమాట. మీ స్క్రిప్టులో కూడా అలాంటిది ఒకటి ఉంటే షూటింగ్‌కి ముందే తీసెయ్యండి, లేకపోతే దానికి ఒక గట్టి పరిమితి పెట్టండి.

హ్యాకింగ్ సీన్ల గురించి ఎక్కువ మాట్లాడను, బీపీ పెరుగుతుంది. పదివేళ్ళతో టకటకా కొట్టి 'ఐయామ్ ఇన్' అనేవాడు నిజంలో ఉండడు. నిజంలో ఎవరో ఫోన్ చేసి తీయగా మాట్లాడి పాస్‌వర్డ్ చెప్పించుకుంటారు. అలాగే ఆ గాజు స్క్రీన్లు, అటు నుంచి ఇటు కనబడేవి. కెమెరాకి హీరో మొహం కనబడాలని పెట్టారు, అంతవరకు అర్థమైంది, కానీ ఎదురుగా నిలబడ్డవాడికి మీ రహస్యమంతా తిరగేసి కనబడుతుంది కదండీ, దేశాన్ని కాపాడే ఆఫీసులో అలాంటి మానిటర్ ఎవరు కొంటారు?

సరే, అసలు టెక్నాలజీ మీద ఉత్కంఠ ఎలా పుడుతుందో తెలియాలంటే ఈమధ్యే జరిగిన నిజం ఒకటుంది. వాయేజర్ 1 అని, నాసావాళ్ళు 1977లో పంపిన అంతరిక్షనౌక, లోపల మనుషులెవరూ లేరు. 2023 నవంబర్‌లో అది పిచ్చిపిచ్చిగా మాట్లాడ్డం మొదలెట్టింది. సిగ్నల్ వస్తోంది కానీ అందులో అర్థం లేదు, ఒకట్లూ సున్నాలూ ఒకే తీరులో మళ్ళీ మళ్ళీ. బతికే ఉంది, మాట పడిపోయింది. అప్పటికి అది మనకి దాదాపు 2400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. రేడియో సిగ్నల్ వెలుగంత స్పీడుగా పోయినా అక్కడికి చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ ఇరవై రెండున్నర గంటలు. అంటే మీరు ఇవాళ పొద్దున ఒక ప్రశ్న అడిగితే ఎల్లుండి తెల్లవారుజామున జవాబు. తప్పు కమాండ్ పంపామని గుర్తొచ్చినా వెనక్కి పిలిచే దారి లేదు. ఇంజినీర్లు పట్టుకుని కూర్చున్నది ఏంటంటే, దశాబ్దాల కిందటి డాక్యుమెంట్లు, వాటిని రాసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు కూడా. మార్చిలో ఒక కమాండ్ పంపితే దాని మెమరీ మొత్తం కక్కినట్టు బయటికొచ్చింది, పాతదానితో పోల్చి చూస్తే ఒక చిప్ చచ్చిపోయిందని తేలింది, ఆ చిప్‌లో ఉన్న కోడ్ పోయింది. మార్చడానికి అక్కడికి ఎవరూ వెళ్ళలేరు. కోడ్‌ని వేరేచోటికి మారుద్దామంటే అంత ఖాళీ ఒక్కచోట ఎక్కడా లేదు, ఆ కంప్యూటర్ మెమరీ ఇప్పటి ఫోన్లో ఒక మంచి ఫొటోకి కూడా సరిపోదు. అందుకని కోడ్‌ని ముక్కలు చేసి, ఖాళీ దొరికిన సందుల్లో తలో ముక్క దాచి, ఒక ముక్క ఇంకో ముక్కని వెతుక్కునేలా అడ్రసులన్నీ దిద్ది పంపించారు. 2024 ఏప్రిల్ 18న పంపారు. 20న జవాబొచ్చింది, అయిదు నెలల తర్వాత మొదటిసారి అర్థమయ్యే జవాబు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎన్ని పేలుళ్ళున్నాయి? ఒక్కటీ లేదు. నేను మటుకు ఆ వార్తలు వరసగా ఫాలో అవుతూ గోళ్ళు కొరుక్కున్నాను. ఎందుకంటే అందులో రూల్ ఉంది. దూరం ఎవరిమాటా వినదు, మెమరీ ఎవరిమాటా వినదు, మనుషులు ఆ రెండింటి మధ్య ఇరుక్కుని దారి వెతుక్కున్నారు.

ఆ దూరాన్నే మీరు సినిమాల్లో మింగేస్తారు. అంగారకుడి మీద ఉన్న హీరో భూమ్మీద ఉన్న భార్యతో వీడియో కాల్‌లో పోట్లాడతాడు, ఆమె మాటకి మాట అంటుంది. అక్కడికి సిగ్నల్ వెళ్ళడానికే గ్రహాలు దగ్గరగా ఉంటే మూడు నిమిషాలు, దూరంగా ఉంటే ఇరవై రెండు నిమిషాల దాకా పడుతుంది. దాన్ని అడ్డంకి అనుకుని తీసేశారు మీరు. నేనైతే సీనంతా దానిమీదే కట్టేవాణ్ణి. ఆయన కోపంలో ఒక మాట అనేస్తాడు, అది బయల్దేరిపోయింది, రెండు నిమిషాలకి కోపం తగ్గి సారీ చెప్తాడు, ఆ సారీ కూడా బయల్దేరింది, కానీ ఆవిడకి ముందు తిట్టు చేరుతుంది, ఆవిడ ఫోన్ పెట్టేసి వెళ్ళిపోయిందో సారీ దాకా ఆగిందో ఈయనకి తెలియాలంటే నలభై నిమిషాలు కూర్చోవాలి. ఇంకోటి, దాదాపు రెండేళ్ళకి ఒకసారి సూర్యుడు సరిగ్గా మధ్యలోకి వస్తాడు, అప్పుడు ఓ రెండువారాల పాటు అక్కడున్న రోవర్లకి కమాండ్లు పంపడమే ఆపేస్తారు, సగం చెడిపోయిన కమాండ్ చేరితే ప్రమాదమని. రెండువారాల మౌనం, ముందే తేదీలతో సహా తెలిసిన మౌనం. హత్య చెయ్యదల్చుకున్నవాడికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరుకుతుందా అసలు?

ఇలాంటివి ఊరికే దొరుకుతాయి, సైన్స్ పుస్తకం తెరిస్తే చాలు. అంతరిక్షంలో హెల్మెట్ ఊడగానే మనిషి ఐస్ ముక్కలా గడ్డకట్టడు, అక్కడ వేడిని లాక్కుపోవడానికి గాలే లేదు, అందుకే స్పేస్ స్టేషన్‌కి చలి కన్నా తన వేడిని బయటికి పారబొయ్యడమే పెద్ద పని, దానికోసం అమోనియా తిరిగే పెద్ద పెద్ద రేడియేటర్లు పెట్టారు. మీ యుద్ధనౌకలకి రేడియేటర్లు ఎక్కడున్నాయి? వాటిని పేల్చేస్తే శత్రువు లోపల ఉడికిపోతాడు, ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదా? నౌకని తిప్పి గురుత్వం పుట్టించాలంటే నిమిషానికి రెండు చుట్లు తిప్పితే వ్యాసార్ధం 220 మీటర్ల పైనే కావాలి, చిన్నగా కట్టి స్పీడుగా తిప్పితే లోపలున్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. అంటే గురుత్వం కూడా డబ్బున్నవాళ్ళకే. పెద్ద చక్రం కట్టుకోగలిగినవాళ్ళు నిటారుగా నడుస్తారు, లేనివాళ్ళు వాంతులు చేసుకుంటూ పనిచేస్తారు.

ఇక్కడ మీరు అనేది నాకు వినబడుతోంది, ఇన్ని లెక్కలు చూసుకుంటే కథేం రాస్తాం, అది సైన్స్ పాఠం అవుతుంది అని. కాదండీ, నేను అడిగేది లెక్క తప్పకుండా ఉండాలని కాదు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో రాసిన నవలలో మనుషుల్ని పెద్ద ఫిరంగిలో పెట్టి చంద్రుడి మీదకి పేల్చాడు. 900 అడుగుల గొట్టం, అందులోనే సెకనుకి 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. లెక్కేస్తే లోపలున్నవాళ్ళ మీద భూమి గురుత్వానికి ఇరవైవేల రెట్లకి పైగా బరువు పడుతుంది, ఫైటర్ పైలట్లు స్పెషల్ సూట్ వేసుకుని తొమ్మిది రెట్లు తట్టుకుంటారు, కాబట్టి ఆయన హీరోలు గొట్టం దాటకముందే గోడకి పూతైపోతారు. అయినా ఆ కథ నిలబడింది, ఎందుకంటే ఆయన తప్పించుకోలేదు, ఎంత మందుగుండు కావాలి, ఎక్కడి నుంచి పేల్చాలి, దెబ్బ తగలకుండా కింద నీళ్ళు పెడితే ఎలా ఉంటుంది అని పేజీలకి పేజీలు తన్నుకున్నాడు. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1901లో తన నవలలో అదే చంద్రుడి మీదకి మనుషుల్ని, గురుత్వాన్ని అడ్డుకునే ఒక లోహం పూసిన గోళంలో పంపించేశాడు, అలాంటి లోహం ఉంటే చూపించమని వెర్న్ గొణుక్కున్నాడు కూడా. కానీ వెల్స్‌ది కూడా మంచి కథే. ఆ లోహం ఒక్కటే అబద్ధం, మిగతాదంతా ఆ అబద్ధానికి కట్టుబడి ఉంటుంది. మేరీ షెల్లీ అయితే 1818లో 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో శవాల ముక్కలకి ప్రాణం ఎలా పోసిందో అసలు చెప్పనే లేదు, మనకి గుర్తున్న మెరుపులూ మీటలూ స్విచ్చులూ తర్వాత సినిమావాళ్ళు పెట్టినవి. ఆవిడకి కావాల్సింది ఆ తర్వాత క్షణం. కళ్ళు తెరిచిన ప్రాణిని చూసి, తయారుచేసినవాడే భయపడి పారిపోయాడు. ప్రాడక్ట్ లాంచ్ చేసి సపోర్ట్ ఇవ్వకుండా మాయమైన మొదటి స్టార్టప్ అతనిదే అని నేను మా టీమ్‌లో అంటుంటా, నవ్వుతారు, తర్వాత నవ్వు ఆగిపోతుంది.

సపోర్ట్ అన్నా కాబట్టి చెప్తా. చూపు పోయినవాళ్ళకి రెటీనాలో పెట్టే ఇంప్లాంట్ ఒకటి వచ్చింది, 2011లో యూరప్‌లో, 2013లో అమెరికాలో పర్మిషన్లు కూడా వచ్చాయి. కళ్ళజోడులో చిన్న కెమెరా, నడుముకి ప్రాసెసర్, అక్కడి నుంచి వైరు మీద మళ్ళీ కళ్ళజోడుకి, కళ్ళజోడు నుంచి వైర్‌లెస్‌గా కంట్లో ఉన్న అరవై ఎలక్ట్రోడ్లకి సిగ్నల్. మనం చూసేలాంటి చూపు కాదు, వెలుగు చుక్కలు, అంచులు, ఎవరో కదిలినట్టు. అయినా ఏళ్ళ తరబడి చీకట్లో ఉన్నవాళ్ళకి అది ఎంత. ప్రపంచమంతా కలిపి 350 మందికి పైగా పెట్టించుకున్నారు. తర్వాత కంపెనీకి డబ్బులు ఆడలేదు, ఆ ప్రాడక్ట్‌ని వదిలేసింది. పార్టులు లేవు, రిపేర్లు లేవు, చూపు ఏ రోజు ఆగిపోతే ఆ రోజే ఆఖరు. కంట్లో ఉన్నదాన్ని తీయించుకోవాలంటే మళ్ళీ ఆపరేషన్, ఉంచుకుంటే ఎమ్మారై తీయించుకోవాలన్నా సమస్య. అరిగిపోయిన ప్రాసెసర్ బదులు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందా అని ఒకర్నొకరు అడుక్కునే పరిస్థితి.

ఇది జరిగిపోయిన సంగతి. ఇక మీ కథల్లో సైబోర్గ్‌ని, అంటే సగం మనిషి సగం మెషీన్‌ని, చూద్దాం. కన్ను ఎర్రగా వెలుగుతుంది, గోడ అవతల ఉన్నది కనబడుతుంది, గన్ను గురి తప్పదు. ఆ కంటికి వారెంటీ ఎన్నేళ్ళు? ఆ కంపెనీ దివాలా తీస్తే హీరో ఏం చేస్తాడు? పక్క దేశం వాడు తయారుచేసిన కన్నయితే యుద్ధం వచ్చినప్పుడు ఎవడి వైపు చూస్తుంది? చందా కట్టకపోతే రంగులు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేస్తారా? భవిష్యత్తు మీద ఊహించాలంటే ఇవి కదా ఊహించాల్సింది, నిజం మనకన్నా ముందు వెళ్ళి కూర్చుంటే సిగ్గుగా లేదూ.

మెషీన్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కొత్తదేం కాదు. బెంగాల్ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ రాసింది. అందులో సూర్యుడి వేడిని పట్టి వంటచేస్తారు, మేఘాల్లోంచి నేరుగా నీళ్ళు తోడుకుంటారు, గాల్లో బండ్ల మీద తిరుగుతారు. ఇవన్నీ కనిపెట్టింది ఆడవాళ్ళు, మగవాళ్ళు పరదా వెనక ఇళ్ళల్లో ఉంటారు. శత్రుసైన్యం వస్తే మగసైనికుల వల్ల కాలేదు, ఆడవాళ్ళు కూడబెట్టిన ఎండని వాళ్ళమీదకి తిప్పి తరిమేశారు. కథ పదిపదిహేను పేజీలు ఉంటుందేమో. అందులో సోలార్ పొయ్యి ఎంత శాతం ఎఫిషియెంట్ అని ఎవరడుగుతారు? ఆ పొయ్యి ఎవరి చేతికొచ్చింది, వచ్చాక ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, అదీ కథ. మీ ఫ్యూచర్ సిటీలో ఎగిరే కార్లున్నాయి, బాగుంది, కానీ ఆ కార్లు కడిగే మనిషి ఏ అంతస్తులో ఉంటాడో ఒక్క షాట్ వెయ్యండి, మిగతాది ప్రేక్షకుడే అల్లుకుంటాడు.

ఏఐ మీద కథలు ఇప్పుడు వరదలా వస్తున్నాయి కాబట్టి అది కూడా. దాదాపు అన్నిట్లో అది ఒకరోజు నిద్రలేస్తుంది, మనుషుల మీద కోపం తెచ్చుకుంటుంది, కరెంటు తీసేస్తుంది. నిద్రలేవడం దేనికండీ, లేవకుండానే కావాల్సినంత చేస్తోంది కదా. తెలీని విషయం కూడా తెలిసినట్టు ధీమాగా చెప్తుంది, దాన్ని నమ్మి ఒకాయన సంతకం పెడతాడు, ఆ సంతకం ఇంకో సిస్టమ్‌లోకి డేటాగా వెళ్తుంది, దాన్ని ఇంకో మోడల్ చదువుతుంది. దానికి ఏది బూతు ఏది రక్తం అని నేర్పించడానికి ఎక్కడో కొంతమంది మనుషులు కూర్చుని రోజంతా బూతూ రక్తమూ చూసి లేబుల్స్ వెయ్యాలి, తక్కువ జీతానికి. వాళ్ళలో ఒకళ్ళని హీరోగా పెట్టి రాసిన నవల నాకు ఇంకా కనబడలేదు, ఎవరైనా రాసి ఉంటే చెప్పండి, ఇవాళే చదువుతా.

ఇంతకీ అడిగేదేంటంటే. రచయితలూ, మీ కథలో ఒక మెషీన్ పెట్టినప్పుడు దాన్ని కనిపెట్టిన మేధావి పక్కన దాన్ని తుడిచే మనిషికి కూడా ఒక పేరు పెట్టండి, ఒక డైలాగ్ ఇవ్వండి, అతనికి తెలిసిన ఏదో ఒక సంగతి మేధావికి తెలీకుండా ఉండనివ్వండి. డైరెక్టర్లూ, గ్రాఫిక్స్‌కి పెట్టే ఖర్చులో చెంచాడు తీసి ఒక ఇంజినీర్‌ని స్క్రిప్టు దశలో కూర్చోబెట్టుకోండి, షూటింగ్ అయ్యాక పిలిచి ఇది కరెక్టేనా అని అడిగితే ఆయన పాపం ఏం చెప్తాడు, బాగుందండీ అంటాడు. ఎడిటర్లూ జడ్జీలూ, ఎంట్రీలు చదివేటప్పుడు చివరి రెండు పేజీల్లో మెషీన్‌కి కొత్త పవర్ ఏదైనా పుట్టుకొచ్చిందేమో చూడండి, వస్తే ఎంత బాగా రాసినా పక్కన పెట్టెయ్యండి, ఎందుకు పెట్టారో రచయితకి ఒక ముక్క రాయండి. ఊరికే తిరస్కరించారని పంపితే వాళ్ళు ఇంకో పత్రికకి అదే పవర్‌తో పంపిస్తారు.

ఇక నావైపు నుంచి ఇచ్చేది కూడా ఉంది. సర్వర్లు, నెట్‌వర్క్‌లు, బ్యాకప్‌లు, డేటా సెంటర్‌లో నిప్పంటుకుంటే ముందు ఏం ఆపుతారు, ఏసీ ఆగితే ఎంతసేపట్లో మెషీన్లు వాటంతటవే ఆఫ్ అవుతాయి, అర్ధరాత్రి ఎవరికి ముందు ఫోన్ చేస్తారు, వాళ్ళు ఎత్తకపోతే తర్వాత ఎవరికి, ఇలాంటివి మీ కథకి కావాలంటే అడగండి, ఫీజేం వద్దు. రాత్రిపూట అడిగితే ఇంకా మంచిది, మేలుకునే ఉంటా.

ఇట్లు,
మీ పాఠకుడు, నైట్ షిఫ్ట్ నుంచి